శంషాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం, ఎన్ని గంటలు? మీరే లెక్క కట్టుకోండి

మా చిన్నాయన మొదటిసారి దుబాయ్ పోతున్నప్పుడు టికెట్ చేతిలో పట్టుకుని తెగ సంబరపడ్డాడు. హైదరాబాద్‌లో పొద్దున 10.00కి బయలుదేరి దుబాయ్‌లో 12.30కి దిగుతుందని దాని మీద ఉంది. "రెండున్నర గంటలేనారా! జగిత్యాల నుంచి పట్నం పోను ఇంకా ఎక్కువ పడ్తది" అన్నాడు. విమానంలో మూడు గంటలు గడిచినా కింద సముద్రమే కనిపిస్తుంటే పక్కాయన్ని లేపి "దారి తప్పిందా ఏంది?" అని అడిగాడట. దారేమీ తప్పలేదు. ఆ ప్రయాణం నిజానికి నాలుగు గంటలు. టికెట్ మీద ఒక టైము హైదరాబాద్‌ది, ఇంకోటి దుబాయ్‌ది. రెండింటినీ నేరుగా తీసేసి ఆయన రెండున్నర అనుకున్నాడు.

అప్పటినుంచి మా చుట్టాల్లో ఎవరికి టికెట్ వచ్చినా ముందు నా వాట్సాప్‌కే వస్తోంది. అందరిదీ ఒకే ప్రశ్న: ఎంత దూరం, ఎన్ని గంటలు? ఎలా లెక్క కట్టాలో ఒకసారి రాసి పెడితే ఎవరికి వాళ్లే చూసుకుంటారని ఇది రాస్తున్నాను. హైదరాబాద్–దుబాయ్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అది అలవాటయ్యాక డాలస్ లాంటి పెద్ద ప్రయాణం లెక్క కూడా కడదాం.

ఒక మాట ముందే. "ఎన్ని గంటలు" అనే ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. విమానం గాలిలో ఎంతసేపు ఉంటుంది? ఇక్కడి గేటు వదిలినప్పటినుంచి అక్కడి గేటు దగ్గర ఆగేదాకా ఎంతసేపు? ఇంటి గుమ్మం దాటినప్పటినుంచి అక్కడి గుమ్మం తొక్కేదాకా ఎంతసేపు? టికెట్ చెప్పేది రెండోది మాత్రమే. మనకు అవసరమైంది మూడోది.

ముందు ఏ ఎయిర్‌పోర్టో తేల్చుకోండి

ఊరి పేరు చూసి లెక్క మొదలుపెట్టొద్దు, మూడక్షరాల కోడ్ చూడండి. శంషాబాద్‌ది హెచ్‌వైడీ. 2008 మార్చిలో శంషాబాద్ మొదలైనప్పుడు బేగంపేట దగ్గరున్న ఈ కోడ్ కొత్త ఎయిర్‌పోర్టుకు వచ్చింది, బేగంపేటకు బీపీఎం అని వేరే కోడ్ ఇచ్చారు.

దుబాయ్‌కి రెండు ఎయిర్‌పోర్టులున్నాయి. ఊరి మధ్యలో ఉన్న పాతది డీఎక్స్‌బీ. జెబెల్ అలీ వైపు ఉన్న అల్ మక్తూమ్‌ది డీడబ్ల్యూసీ. చవకగా వచ్చిందని కొందరు పక్కనున్న షార్జాకో అబుదాబికో టికెట్ తీస్తారు. షార్జా అయితే ఫరవాలేదు, దుబాయ్‌కి ఆనుకునే ఉంటుంది. అబుదాబి ఎయిర్‌పోర్టు నుంచి దుబాయ్ ఊళ్లోకి రావాలంటే రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైనే. టికెట్‌లో మిగిలిన డబ్బు ట్యాక్సీలో పోతుంది, గంటన్నర సమయం అదనంగా పోతుంది. లండన్, న్యూయార్క్ లాంటి ఊళ్లలో ఎయిర్‌పోర్టులు ఇంకా ఎక్కువ, వాటి మధ్య దూరాలు కూడా ఎక్కువ. ఒక ఎయిర్‌పోర్టులో దిగి ఇంకో ఎయిర్‌పోర్టులో ఎక్కే టికెట్ అమ్మేవాళ్లు కూడా ఉంటారు, జాగ్రత్త.

ఇక దూరం

ఓపిక లేకపోతే కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, స్కేలు గుర్తు నొక్కి, శంషాబాద్ మీద ఒక చుక్క, దుబాయ్ మీద ఒక చుక్క పెట్టండి. దూరం వచ్చేస్తుంది. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్‌లో రెండు కోడ్‌లూ టైప్ చేస్తే గీత గీసి మరీ చూపిస్తుంది. చాలామందికి ఇది చాలు.

కానీ ఇంటర్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ లెక్క చేతితో చేయించండి. త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

రెండు చోట్ల అక్షాంశం, రేఖాంశం తీసుకోండి. శంషాబాద్: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. దుబాయ్: 25.25 ఉత్తరం, 55.36 తూర్పు. రేఖాంశాల తేడా 23.07 డిగ్రీలు. ఫోన్‌లో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ తెరిచి అది డిగ్రీల్లో ఉందో లేదో చూసుకోండి. రేడియన్లలో ఉంటే వచ్చే జవాబుకు అర్థమే ఉండదు, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

మొదట రెండు అక్షాంశాల సైన్‌లనూ గుణించండి: సైన్ 17.24 × సైన్ 25.25 = 0.1264. తర్వాత రెండు అక్షాంశాల కాస్‌లనూ, రేఖాంశాల తేడా కాస్‌నూ, మూడింటినీ గుణించండి: కాస్ 17.24 × కాస్ 25.25 × కాస్ 23.07 = 0.7947. రెండూ కలిపితే 0.9211. ఏ కోణానికి కాస్ 0.9211 అవుతుందో విలోమ కాస్ బటన్ నొక్కి చూడండి. సుమారు 22.9 డిగ్రీలు వస్తుంది. భూమి నడిబొడ్డున నిలబడి చూస్తే హైదరాబాద్‌కీ దుబాయ్‌కీ మధ్య ఉన్న కోణం అది.

కోణాన్ని కిలోమీటర్లు చేయడం తేలిక. భూగోళం మీద ఒక డిగ్రీ అంటే దాదాపు 111.2 కిలోమీటర్లు. 22.9 × 111.2 = సుమారు 2,545 కిలోమీటర్లు. పైలట్లు, ఓడలవాళ్లు నాటికల్ మైళ్లలో మాట్లాడతారు. వాళ్ల లెక్క ఇంకా అందంగా ఉంటుంది: డిగ్రీకి 60 నిమిషాలు, ఒక్కో నిమిషానికి ఒక్కో నాటికల్ మైలు. 22.9ని 60తో గుణిస్తే 1,374 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, కావాలంటే సరిచూసుకోండి.

వచ్చిన అంకె నమ్మొచ్చా అని అనుమానమైతే, తెలిసిన దూరంతో పోల్చండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలిలో సుమారు 1,250 కిలోమీటర్లు. దుబాయ్ దానికి రెట్టింపు. ఢిల్లీకి రెండుంబావు గంటలు పడుతుంది కాబట్టి దుబాయ్‌కి నాలుగు గంటలంటే సబబుగానే ఉంది. మీకు 800 కిలోమీటర్లనో 9,000 కిలోమీటర్లనో వచ్చిందంటే ఎక్కడో గుర్తు తప్పింది. రెండు ఊళ్లలో ఒకటి తూర్పు రేఖాంశం, ఇంకోటి పశ్చిమ రేఖాంశం అయితే రెండింటినీ తీసేయకూడదు, కలపాలి. సిడ్నీ లాంటి దక్షిణార్ధగోళపు ఊరైతే అక్షాంశానికి ముందు మైనస్ పెట్టాలి.

భూమి నున్నటి బంతి కాదు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. అందుకే ఈ లెక్కలో కొద్దిపాటి తేడా వస్తుంది, వెయ్యి కిలోమీటర్లకు మహా అయితే ఐదు. మన పనికి అది లెక్కలోకి రాదు.

మ్యాప్‌ని నమ్మొద్దు, దారం తీసుకోండి

గోడకు తగిలించిన ప్రపంచ పటం చూసి దారి ఊహించుకుంటే మోసపోతాం. హైదరాబాద్ నుంచి అమెరికాలోని డాలస్‌కు పటం మీద స్కేలు పెట్టి గీస్తే గీత అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి గట్టిగా లాగండి. దారం మీరనుకున్న చోట నిలవదు. హిమాలయాలు దాటి, మధ్య ఆసియా మీదుగా, ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోయి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. హైదరాబాద్ రేఖాంశం 78.43 తూర్పు, డాలస్ ఎయిర్‌పోర్టుది 97.04 పశ్చిమం. కలిపితే 175.47. అంటే దాదాపు భూమికి అవతలి వైపు. అటువైపు పోవాలంటే నెత్తి మీదుగా పోవడమే దగ్గర.

పైన చెప్పిన లెక్క డాలస్‌కి వేసి చూడండి, అక్షాంశం 32.90 ఉత్తరం. సుమారు 14,420 కిలోమీటర్లు రావాలి. ఈసారి కాస్ జవాబు మైనస్‌లో వస్తుంది, కంగారు పడొద్దు. కోణం 90 డిగ్రీలు దాటిందని దాని అర్థం.

ఇది కాగితం మీద దారి. విమానం పోయే దారి దీనికంటే ఎప్పుడూ కొంచెం ఎక్కువే. వాయుమార్గాలు ఉంటాయి, తుపాను మేఘాలుంటే చుట్టూ తిరగాలి, యుద్ధాలుంటే ఆ దేశం మీదికే పోకూడదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమాన సంస్థలకు మూసేశాక ఢిల్లీ నుంచి పడమటికి పోయే మన విమానాలు దక్షిణానికి దిగి సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. ఊళ్ల మధ్య దూరం మారలేదు, గంటలు మారాయి.

దూరాన్ని గంటలు చేయడం

దుబాయ్ లాంటి ప్రయాణానికి వాడే చిన్న విమానాలు పైకెక్కి స్థిరపడ్డాక గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతాయి. అమెరికా పోయే పెద్ద విమానాలు 900 దాకా పోతాయి. ఇది గాలితో పోల్చిన వేగం, నేల మీది వేగం కాదు. నది ప్రవాహానికి ఎదురు పడవ నడిపినట్టే ఎదురుగాలిలో విమానం నెమ్మదిస్తుంది, గాలి వెనకనుంచి తోస్తే దూసుకుపోతుంది.

నేను వాడే లెక్క ఇది: దూరాన్ని వేగంతో భాగించి, దానికి 40 నిమిషాలు కలుపుతాను. గేటు వదిలి రన్‌వే దాకా పాకడం, పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు తగ్గే వేగం, దిగాక మళ్లీ గేటు దాకా పాకడం, ఇవన్నీ ఆ 40 నిమిషాల్లో వస్తాయి.

దుబాయ్‌కి: 2,545ని 830తో భాగిస్తే మూడు గంటల నాలుగు నిమిషాలు. 40 కలిపితే సుమారు మూడు గంటల ముప్పావు. ఇది గాలే లేని రోజు లెక్క. మన దగ్గర పైన గాలి సంవత్సరంలో ఎక్కువ కాలం పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. దుబాయ్ పడమట ఉంది, అంటే పోయేటప్పుడు ఎదురుగాలి. గంటకు 60 కిలోమీటర్లు తగ్గించి 770తో భాగించండి: మూడు గంటల ఇరవై నిమిషాలు, 40 కలిపితే నాలుగు గంటలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి 890తో భాగించండి: రెండు గంటల యాభై రెండు నిమిషాలు, 40 కలిపితే దాదాపు మూడున్నర. టికెట్లు తీసి చూడండి, పోయేది నాలుగు గంటలు, వచ్చేది మూడున్నర గంటలు అటూ ఇటూగా ఉంటుంది. ఒకే దారి, ఒకే విమానం, అరగంట తేడా. "పోయేటప్పుడు లేటు చేశాడు" అని పైలట్‌ని తిట్టుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

వానాకాలంలో ఈ లెక్క కొంచెం తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ భారతం పైన చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమటికి బలమైన గాలి వీస్తుంది. దీని మీద 1950లలోనే పరిశోధన చేసి ప్రపంచానికి వివరంగా చెప్పినవాడు మన వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన పి. కోటేశ్వరం. ఋతుపవనాల గురించి చదివేవాళ్లకు ఆ గాలి ముఖ్యం. మనకేమో జూలైలో దుబాయ్ పోయే విమానం కొన్నిసార్లు టైము కంటే ముందే దిగడానికి అదొక కారణం.

ఇంకో సంగతి. విమాన సంస్థలు టైమ్‌టేబుల్ వేసేటప్పుడు పది, ఇరవై నిమిషాలు ఎక్కువే వేసుకుంటాయి. అందుకే అరగంట లేటుగా బయలుదేరిన విమానం సరైన టైముకే దిగి అందర్నీ ఆశ్చర్యపరుస్తుంది. నిజంగా ఎంత పడుతుందో తెలియాలంటే ఫ్లైట్‌రాడార్24లో మీ విమానం నంబరు కొట్టి గత వారం రోజుల్లో ఎప్పుడు బయలుదేరి ఎప్పుడు దిగిందో చూడండి. ఏ లెక్కా దీని ముందు నిలవదు.

గడియారాలను ఒకే చోటికి తెండి

అసలు పేచీ అంతా ఇక్కడే. టికెట్ మీద బయలుదేరే టైము ఎక్కిన ఊరిది, దిగే టైము దిగిన ఊరిది. ఎప్పుడూ ఇంతే, దీనికి మినహాయింపు లేదు. కాబట్టి లెక్కకు ముందు అన్ని టైములనూ మన టైములోకి మార్చేయండి. అన్ని దేశాలూ ఆధారంగా తీసుకునే గ్రీనిచ్ టైములోకి (యూటీసీ, జీఎంటీ అంటారు) మార్చమని చాలామంది చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ఇండియా టైమే అర్థమవుతుంది.

కలపాల్సిన గంటలు ఇవి. దుబాయ్, మస్కట్ టైముకు గంటన్నర కలిపితే మన టైము. దోహా, కువైట్, రియాద్‌కి రెండున్నర. లండన్‌కి చలికాలంలో ఐదున్నర, ఎండాకాలంలో నాలుగున్నర. న్యూయార్క్‌కి చలికాలంలో పదిన్నర, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. డాలస్, చికాగోలకు పదకొండున్నర, లేదా పదిన్నర. శాన్‌ఫ్రాన్సిస్కోకి పదమూడున్నర, లేదా పన్నెండున్నర. సింగపూర్ మనకంటే ముందుంది, అక్కడి టైములోంచి రెండున్నర తీసేయాలి.

అన్నింట్లో ఈ "అర" ఎందుకు వచ్చిందంటే మనవల్లే. మన దేశపు టైము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ గీత మన కాకినాడ పక్కగానే పోతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, 82.5ని 15తో భాగిస్తే ఐదున్నర, అంటే గ్రీనిచ్ కంటే మనం ఐదున్నర గంటలు ముందు.

అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. గల్ఫ్‌లో ఈ గొడవ లేదు. ఫిబ్రవరిలో టికెట్ కొని మార్చి చివర్లో ప్రయాణం చేసేవాళ్లు తేడా గంటను మళ్లీ చూసుకోవాలి.

ఇప్పుడు చిన్నాయన టికెట్ చూద్దాం. బయలుదేరేది 10.00. దిగేది దుబాయ్ టైము 12.30, అంటే మన టైము 14.00. పదినుంచి రెండింటిదాకా నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో రాత్రి 22.00కి ఎక్కి హైదరాబాద్‌లో 03.05కి దిగుతారనుకోండి. 22.00కి గంటన్నర కలిపితే 23.30. అక్కడినుంచి 03.05 దాకా మూడు గంటల ముప్పై ఐదు నిమిషాలు. చూడటానికి మాత్రం ఐదు గంటల ప్రయాణంలా ఉంటుంది.

తారీకు దగ్గర ఆగి, రెండుసార్లు చూడండి

గంట తప్పితే వెయిటింగ్ హాల్లో కూర్చుంటాం. తారీకు తప్పితే విమానమే పోతుంది.

మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అర్ధరాత్రి దాటి రెండైనా మన మనసుకు అది ఇంకా నిన్నటి రాత్రే. విమానాల రోజు 00.00కి మారిపోతుంది. హైదరాబాద్ నుంచి బయటి దేశాలకు పోయే విమానాలు చాలా వరకు అర్ధరాత్రి, తెల్లవారుజామున ఉంటాయి. టికెట్ మీద "12వ తారీకు 00.40" అని ఉంటే మీరు 11వ తారీకు రాత్రి అన్నం తిని బయలుదేరాలి. 12న రాత్రి పోతే విమానం వెళ్లి దాదాపు 24 గంటలు అయిపోయి ఉంటుంది.

ఇది ఎవరికో జరిగిన కథ కాదు. మా పెద్దమ్మ డాలస్ నుంచి వస్తున్నప్పుడు 22న 03.05కి దిగుతుందని టికెట్ మీద స్పష్టంగా ఉంది. నేను 22 రాత్రి పోవాలని క్యాబ్ మాట్లాడుకుని హాయిగా పడుకున్నాను. 22 తెల్లవారుజామున నాలుగుంబావుకు ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుని చేసింది, "ఎక్కడున్నవ్ బిడ్డా?" అని. అందరికీ లెక్కలు చెప్పేవాణ్ని నేనే. ఆ తర్వాత ఆమె ఏ టికెట్టూ నాకు చూపించలేదు, తప్పు పట్టలేను.

అందుకే తారీకు రాసేటప్పుడు "11 శనివారం రాత్రి తెల్లవారితే 12 ఆదివారం, 00.40" అని వారాలతో సహా రాయండి. టికెట్ మీద దిగే టైము పక్కన చిన్నగా +1 అని ఉంటే మర్నాడు దిగుతారని, +2 ఉంటే ఎల్లుండి అని. అది చాలా చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫోన్‌లో పెద్దది చేసి చూడండి.

మధ్యలో విమానం మారాల్సి వస్తే

హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరు విమానం లేదు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా ఒకటి మొదలుపెట్టింది, అది తర్వాత ఆగిపోయింది. కాబట్టి దుబాయ్, దోహా, అబుదాబి లేదా యూరప్‌లోని ఏదో ఊరు మీదుగా పోవాలి. ఇలాంటప్పుడు ఒక్కో ముక్కను విడిగా లెక్క కట్టి కలపాలి. దుబాయ్ మీదుగా అయితే 2,545కి దుబాయ్–డాలస్ దూరం సుమారు 12,920 కలిపితే 15,465 కిలోమీటర్లు. నేరు దూరం కంటే వెయ్యి కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. చుట్టు దారి వల్ల పోయే టైము గంట, గంటన్నర. అసలు టైమంతా మధ్యలో కూర్చోవడంలోనే పోతుంది.

జనవరిలో ఒక ప్రయాణం ఇలా ఉందనుకోండి. హైదరాబాద్‌లో 10న తెల్లవారుజామున 04.00కి బయలుదేరి దుబాయ్‌లో 06.30కి దిగుతారు. మూడున్నర గంటలు ఆగి 10.00కి మళ్లీ ఎక్కి డాలస్‌లో అదే రోజు 16.30కి దిగుతారు. చూస్తే పొద్దున నాలుగుకు ఎక్కి సాయంత్రం నాలుగున్నరకు దిగినట్టు, పన్నెండున్నర గంటలే. డాలస్ టైముకు పదకొండున్నర కలపండి: 16.30 మన దగ్గర 11న 04.00. సరిగ్గా 24 గంటలు. ముక్కలు కలిపి సరిచూసుకోండి: దుబాయ్‌కి 4, ఆగింది మూడున్నర, దుబాయ్ నుంచి పదహారున్నర.

తిరుగు ప్రయాణం 20న మధ్యాహ్నం 12.00కి డాలస్‌లో మొదలై, దుబాయ్‌లో 21న 12.45కి దిగి, రాత్రి 22.00కి ఎక్కి, 22న 03.05కి హైదరాబాద్ చేరిందనుకోండి. డాలస్ 12.00 అంటే మనకు 20 రాత్రి 23.30. అక్కడినుంచి 22 తెల్లవారుజాము 03.05 దాకా 27 గంటల 35 నిమిషాలు. గాలిలో ఉన్నది పోయినప్పటికంటే రెండు గంటలకు పైగా తక్కువ, గాలి తోసింది కదా. మొత్తం ప్రయాణం మాత్రం ఎక్కువ, దుబాయ్‌లో తొమ్మిదింబావు గంటలు కూర్చున్నారు కాబట్టి.

బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ లెక్క మరీ అవసరం. గోడ గడియారం పన్నెండున్నర గంటలే గడిచిందంటుంది, ఒంటికి మాత్రం రోజు గడిచింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు నిజమైన గంటల లెక్కను కాగితం మీద రాసుకుని డాక్టర్‌కి చూపించి, ఏ డోసు ఎప్పుడో ముందే అడిగి తెలుసుకోండి.

మధ్యలో ఎంతసేపు ఉండాలి? రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండి, ఒకే టెర్మినల్ అయితే రెండు గంటలు సరిపోతుంది. పెద్దవాళ్లకైతే మూడు ఉండేలా చూడండి. దుబాయ్‌లో రెండో టెర్మినల్ రన్‌వేలకు అవతలి వైపు ఉంది, అక్కడ దిగి మూడో టెర్మినల్‌లో ఎక్కాలంటే బస్సులో తీసుకెళ్తారు. రెండు టికెట్లు విడివిడిగా కొన్నారా, మొదటి విమానం లేటైతే రెండోది మీ కర్మ. మధ్యలో లగేజి కూడా మీరే తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు, దానికి వీసా కావాల్సి రావచ్చు. ఐదారు వేలు మిగులుతాయని నేనైతే ఆ పని చేయను.

అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమ్మిగ్రేషన్ అవుతుంది, లగేజి తీసుకుని మళ్లీ అప్పగించాలి. అక్కడినుంచి ఇంకో విమానం ఉంటే మూడు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు. అబుదాబి మీదుగా పోతే ఈ అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే చేసేస్తారు, అప్పుడు ఆ టైమును అబుదాబి దగ్గర కలపాలి.

గుమ్మం నుంచి గుమ్మానికి

మళ్లీ చిన్నాయన దగ్గరికి వద్దాం. ఈ లెక్క వెనకనుంచి ముందుకు కట్టాలి. విమానం 10.00కి. బయటి దేశపు విమానానికి మూడు గంటలు ముందు ఉండాలి, అంటే 07.00. చాలా సంస్థలు గంట ముందే కౌంటర్ మూసేస్తాయి, ఆ తర్వాత కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. జగిత్యాల నుంచి శంషాబాద్‌కి కారులో ఐదు గంటలు, అంటే 02.00. దారిలో టీ, టైరు పంక్చరు కోసం అరగంట. 01.30కి ఇల్లు వదలాలి. విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు కూడా దాదాపు ఇదే లెక్క. హైదరాబాద్‌లోనే ఉండేవాళ్లు పుష్పక్ బస్సు టైము చూసుకోవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే త్వరగానే పోతాం, ఆ రోడ్డు దాకా చేరడమే కష్టం.

అటువైపు దుబాయ్ టైము 12.30కి దిగాక ఇమ్మిగ్రేషన్‌కి, లగేజికి గంటా గంటన్నర వేసుకోండి. అక్కడినుంచి కంపెనీ క్యాంపు దాకా ఇంకో ముప్పావు గంట. 14.30 అవుతుంది, మన టైము 16.00. రాత్రి ఒంటిగంటన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా పద్నాలుగున్నర గంటలు. అందులో విమానంలో ఉన్నది నాలుగు గంటలు. టికెట్ చూసి ఆయన అనుకున్నది రెండున్నర.

చివరగా, ప్రయాణం చేసేవాళ్లకు ఒక చీటీ రాసివ్వండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా చీటీ ఉంటుంది. నేను రాసిచ్చేది ఇలా ఉంటుంది, డాలస్ పోయే అమ్మమ్మ కోసం:

శుక్రవారం 9 రాత్రి 9 గంటలకు భోజనం, 11.30కి ఇంటినుంచి కారు. తెల్లవారితే శనివారం 10. ఒంటిగంట లోపు శంషాబాద్.
4.00కి విమానం. నాలుగు గంటలు. మన టైము 8.00కి దుబాయ్, అక్కడి గడియారంలో 6.30.
మూడున్నర గంటలు ఆగాలి. గేటు నంబరు బోర్డు మీద చూడాలి, అర్థం కాకపోతే యూనిఫాం వేసుకున్నవాళ్లకు బోర్డింగ్ పాసు చూపించాలి.
మన టైము 11.30కి రెండో విమానం. పదహారున్నర గంటలు. రెండుసార్లు భోజనం పెడతారు. రెండు గంటలకొకసారి లేచి నడవాలి.
మన టైము ఆదివారం తెల్లవారుజామున 4.00కి డాలస్. అక్కడ ఇంకా శనివారం సాయంత్రం నాలుగున్నరే.
బయటికి రావడానికి గంటన్నర పట్టొచ్చు. అమ్మాయి బయట ఉంటుంది. చేతి గడియారం ముల్లు తిప్పొద్దు, మాత్రలన్నీ మన టైము ప్రకారమే రాసి ఉన్నాయి.